పంజాబు యూనియనిస్టు పార్టీ - 1946 ఎన్నికలు

1937లో పంజాబు శాసనసభలోని 175 స్థానాలలో సుమారు 95 స్థానాలు గెలుచుకొని అధికారం చేపట్టిన యూనియనిస్టు పార్టీకి, 1946 ఎన్నికలలో దక్కినవి ఇంచుమించు ఇరవై మాత్రమే. 1937లో ఆ రాష్ట్రంలో కేవలం రెండు స్థానాలతో సరిపెట్టుకొన్న ముస్లిం లీగు, 1946లో 86 ముస్లిం స్థానాలలో డెబ్బైకి పైగా గెలిచింది. తొమ్మిది సంవత్సరాలలో ఒక రాష్ట్ర రాజకీయం ఇంతగా తలక్రిందులైన సందర్భాలు మన దేశ చరిత్రలో అరుదు.

ఈ ఫలితాన్ని గురించి రెండు కథనాలు ప్రచారంలో ఉన్నవి. మతాభిమానం మేల్కొని, ఆంగ్లేయుల తొత్తులను ముస్లిములు తరిమికొట్టారనేది ఒకటి. హిందూ ముస్లిం సిక్కు రైతుల ఉమ్మడి పార్టీని మతోన్మాదం మింగివేసిందనేది రెండవది. మొదటిది సరిహద్దుకు ఆవల ఎక్కువగా వినిపిస్తుంది, రెండవది ఇవతల. రెండింటిలోనూ కొంత సత్యం లేకపోలేదు. కాని ఓటు వేసినవారెవరు, వేయించినవారెవరు అనే ప్రశ్నను రెండూ దాటవేస్తాయి. ఆ ప్రశ్నకు సమాధానం కావాలంటే కథను 1946లో కాక, 1900లో మొదలుపెట్టవలసి ఉంటుంది.

ఆంగ్ల ప్రభుత్వం పంజాబును 1849లో స్వాధీనం చేసుకొన్న తరువాత భూమిపై వ్యక్తిగత హక్కులు స్థిరపడి, భూమి అమ్మకానికీ తాకట్టుకూ అనువైన సరుకయింది. కాలువలూ రైలుమార్గాలూ వచ్చి గోధుమలకు ధర పలికినకొద్దీ భూమి విలువ పెరిగింది. విలువ పెరిగినకొద్దీ దానిపై అప్పు పుట్టడమూ సులభమయింది. అప్పిచ్చినవాడు సాహుకారు, అప్పుపడినవాడు రైతు. న్యాయస్థానాల డిక్రీలతో పొలాలు సాహుకార్ల చేతులలోకి జారిపోసాగాయి. ప్రభుత్వం దీనిని చూసి భయపడటానికి రైతుపై గల కరుణ కన్న మరొక కారణం ముఖ్యం. భారత సైన్యానికి సిపాయిలు ఎక్కువగా ఈ రైతు కుటుంబాలనుండే వస్తున్నారు. పొలం పోగొట్టుకొన్న సిపాయి తండ్రి ఏ ప్రభుత్వానికైనా ప్రమాదకరమే. అందువల్ల 1900లో పంజాబు భూమి అన్యాక్రాంత నిషేధ చట్టం వచ్చింది. జిల్లాలవారీగా కొన్ని తెగలను 'వ్యవసాయక తెగలు'గా ప్రకటించి, వారి భూమిని ఇతరులు కొనకుండా ఆ చట్టం కట్టడి చేసింది. ఈ జాబితాలో ముస్లిం రాజపుత్రులూ, అవాన్లూ, అరాయీన్లూ ఉన్నారు. హిందూ జాట్లూ, సిక్కు జాట్లూ ఉన్నారు. మతానికి అడ్డంగా వృత్తి గీత ఒకటి చట్టంలోనే గీయబడింది. యూనియనిస్టు పార్టీ ఆ గీతపై కట్టిన ఇల్లు.

ఇల్లు కట్టిన మేస్త్రీలు ఇద్దరు - మియాన్ సర్ ఫజ్లె హుసేన్, చౌధరీ సర్ ఛోటూరామ్. ఇద్దరూ న్యాయవాదులే కావడం గమనార్హం. ఫజ్లె హుసేన్ కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవాడు. సహాయ నిరాకరణోద్యమం వచ్చినప్పుడు కాంగ్రెసును వదిలి, 1921లో పంజాబు విద్యామంత్రి అయ్యాడు. ఛోటూరామ్ రోహ్‌తక్ జిల్లాకు చెందిన జాటు రైతు కొడుకు. 1923లో వీరు శాసనమండలిలోని గ్రామీణ సభ్యులను ఒక జట్టుగా కూర్చి దానికి యూనియనిస్టు పార్టీ అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద భూస్వాముల పార్టీకి ఆలోచన ఇచ్చినవారు భూస్వాములు కాకపోవడం విచిత్రమే. కాని భూస్వాములకు ఆలోచన అవసరం లేకుండెను, స్థానాలు చాలు. తివానాలు, నూన్లు, దౌల్తానాలు, మమ్దోట్ నవాబులు, ముల్తాన్ ప్రాంతపు ఖురేషీలు, గీలానీలు - ఎవరి ఇలాకాలో వారి గెలుపు ముందే ఖాయం.

ఇట్టి గెలుపు ఎట్లు సాధ్యమయ్యేదో కొంత వివరించడం అవసరం. గ్రామంలో శిస్తు వసూలు చేసే లంబర్‌దారు, అతనిపై పదీ ఇరవై గ్రామాల పెద్దగా జైల్‌దారు, అతనికి వెన్నుదన్నుగా తహసీల్‌దారు. జైల్‌దారు సాధారణంగా ఆ ప్రాంతపు ప్రబల బిరాదరీకి చెందినవాడై ఉండేవాడు. ప్రభుత్వ గౌరవమూ కులగౌరవమూ ఒకే తలపాగాలో ఒదిగేవి. 1935 చట్టం కింద కూడా ఓటు హక్కు జనాభాలో నూటికి పది పన్నెండుగురికి మించి లేదు. భూమి శిస్తు కట్టేవారికి, కొంత చదువుకొన్నవారికి, సైన్యంలో పనిచేసి వచ్చినవారికి మాత్రమే ఓటు. కమీన్లనబడే గ్రామ వృత్తులవారు, భూమిలేని కూలీలు, స్త్రీలలో అత్యధికులు జాబితాకు వెలుపలే. జైల్‌దారు మాట చెల్లితే బిరాదరీ ఓట్లు గంపగుత్తగా పడేవి. ఇట్టి ఏర్పాటు ఉన్నచోట పార్టీకి శాఖలెందుకు, కార్యకర్తలెందుకు, పత్రికలెందుకు? యూనియనిస్టులు ఈ మూడింటినీ గట్టిగా ఏర్పరచుకోలేదు. 1936లో ఎన్నికలు దగ్గరపడినప్పుడు ఫజ్లె హుసేన్ పార్టీకి ఒక రూపం కల్పించడానికి పూనుకొన్నాడు గాని, ఆ ఏడు జూలైలోనే మరణించాడు.

1937 ఎన్నికలలో ఆ లోటు కనిపించలేదు. దేశంలో ఇతరత్రా భూస్వాముల పార్టీలు కుప్పకూలుతున్న సమయమది. మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ మట్టికరిచింది. 215 స్థానాలలో కాంగ్రెసుకు 159 వచ్చాయి. ప్రభుత్వాన్ని నడిపిన బొబ్బిలి రాజావారే స్వస్థలంలో వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నిక ముచ్చట కళింగాంధ్రలో చాలాకాలం చెప్పుకొన్నారు. అదే ఏడు పంజాబులో మాత్రం నవాబులూ మలిక్కులూ చెక్కుచెదరలేదు. బొబ్బిలిలో రాజుకూ రైతుకూ మధ్య శిస్తు తగాదా ఉన్నది. పంజాబులో పెద్ద భూస్వామీ చిన్న రైతూ ఒకే 'వ్యవసాయక తెగ'. వారిద్దరికీ చూపించడానికి ఉమ్మడి శత్రువుగా సాహుకారు ఉన్నాడు. జిన్నా సాహెబు 1936లో లాహోరు వచ్చి యూనియనిస్టులను లీగు పేరుతో నిలబడమని కోరితే వారు వినలేదు. అల్లామా ఇక్బాల్ నాయకత్వంలోని పంజాబు లీగు నగరాలలో తప్ప లేదు. గెలిచిన ఇద్దరిలో రాజా గజన్‌ఫర్ అలీ ఖాన్ వెంటనే యూనియనిస్టుల వైపు వెళ్లగా, మలిక్ బర్కత్ అలీ ఒక్కరే లీగు సభ్యుడుగా మిగిలారు.

సర్ సికందర్ హయాత్ ఖాన్ 'ప్రీమియర్' అయ్యాడు (ఆనాడు రాష్ట్ర ముఖ్యమంత్రికి ఆ పేరు). ఆరుగురి మంత్రివర్గంలో ముగ్గురు ముస్లిములు, ఇద్దరు హిందువులు, ఒక సిక్కు. మితవాద ప్రభుత్వమే అయినా ఇది చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1938లో తాకట్టు భూములను తిరిగి ఇప్పించే చట్టం, వడ్డీ వ్యాపారులు నమోదు చేసుకోవలసిన చట్టం, బేనామీ క్రయాలను రద్దుచేసే సవరణ వచ్చాయి. 1939లో తూకంలో, దళారీలో జరిగే మోసాలను అరికట్టే మార్కెట్టు చట్టం వచ్చింది. వీటివెనుక ఉన్నది ఛోటూరామ్ పట్టుదల. పల్లెలు వీటిని బంగారు చట్టాలన్నాయి, పట్టణ వ్యాపారులు నల్ల చట్టాలన్నారు. రెండు పేర్లూ అతిశయోక్తులే. సాహుకారు బదులు అప్పిచ్చే పెద్ద భూస్వామిని ఆ చట్టాలు అంతగా ముట్టలేదు. పాలుకు దున్నే కౌలుదారుకు ఒరిగింది స్వల్పం. అయినా తాకట్టులో ఉన్న తాతల పొలం తిరిగి చేతికి వచ్చిన చిన్న రైతుకు ఆ మేలు చిన్నది కాదు.

పార్టీ గోడలో మొదటి బీట ఓటమివల్ల కాక, ఒక ఒడంబడికవల్ల పడింది. 1937 అక్టోబరులో లక్నో లీగు మహాసభలో సికందర్ హయాత్, జిన్నాల మధ్య ఒప్పందం కుదిరింది. యూనియనిస్టు పార్టీలోని ముస్లిం సభ్యులు లీగులో చేరుతారు. రాష్ట్రంలో మాత్రం సంకీర్ణం యూనియనిస్టు పేరుతోనే సాగుతుంది. కాంగ్రెసు 'ముస్లిం జన సంపర్కం' పేరుతో పంజాబులో అడుగుపెడుతుందనే బెదురుతో సికందర్ ఈ ఏర్పాటుకు ఒప్పుకొన్నాడు. అఖిల భారత విషయాలలో జిన్నా మాట, పంజాబు విషయాలలో తన మాట చెల్లుతుందనుకొన్నాడు. ఇక్బాల్ దీనిని మొదటినుండీ అనుమానించారు. యూనియనిస్టులు లీగును మింగివేస్తారని ఆయన భయం. కాని చివరికి జరిగింది దీనికి తారుమారు. ఒక మనిషి రెండు పార్టీలలో ఉండవచ్చునని సికందరే ఒప్పుకొన్నాక, ఏదో ఒకనాడు ఎటో ఒకవైపు తేల్చుకొమ్మని అడిగే అధికారం ఎదుటివారికి చిక్కింది.

1940 మార్చిలో లాహోరులోనే లీగు తన తీర్మానం చేసింది. దాని ముసాయిదాలో సికందర్ పాలు ఉన్నది గాని, ఆమోదింపబడిన రూపం ఆయన కోరినది కాదు. 1941 మార్చిలో ఆయన శాసనసభలో దానితో తనకు గల భేదాన్ని స్పష్టంగా చెప్పాడు. ముస్లిం రాజ్యమొకచోట, హిందూ రాజ్యమొకచోట అనేది పాకిస్తాను అర్థమైతే తనకు దానితో పని లేదన్నది ఆ ప్రసంగ సారాంశం. అదే ఏడు వైస్రాయి రక్షణ మండలినుండి వైదొలగమని జిన్నా ఆదేశిస్తే మారుమాటాడక వైదొలగాడు. సభలో ఒక మాట, ఆదేశం వస్తే విధేయత - ఈ రెండు పడవల ప్రయాణం ఆయన బ్రతికినంతకాలం సాగింది. 1942 డిసెంబరులో ఆయన ఆకస్మికంగా మరణించాడు.

తరువాత వచ్చిన మలిక్ ఖిజర్ హయాత్ ఖాన్ తివానా షాపూర్ జిల్లా భూస్వామి. మంత్రివర్గానికి ముస్లిం లీగు సంకీర్ణమని పేరు మార్చాలని 1944 ఏప్రిల్‌లో జిన్నా పట్టుబట్టాడు. ఖిజర్ ఒప్పుకోలేదు. హిందూ, సిక్కు సహచరులతో చేసుకొన్న మాటను తాను తప్పలేనన్నాడు. ఫలితంగా ఆయన లీగునుండి బహిష్కరింపబడ్డాడు. సికందర్ తప్పుకొన్న చోట ఖిజర్ నిలబడ్డాడనేది నిష్పక్షపాతంగా చెప్పవలసిన మాట. కాని ఆయన నిలబడిన నేల అప్పటికే కదలుతున్నది.

కదిలించినది యుద్ధం. మొదట యుద్ధం పంజాబుకు లాభంగానే కనిపించింది. గోధుమ ధరలు పెరిగాయి, లక్షలాది యువకులు సైన్యంలో చేరి ఇంటికి జీతం పంపారు. కాని ఆ డబ్బుతో కొనడానికి బజారులో సరుకు లేదు. బట్ట లేదు, చక్కెర లేదు, దీపానికి కిరసనాయిలు లేదు. ఉన్నది చీటీలపై ఇచ్చేవారు. చీటీ ఇచ్చేది అధికారి, పంచేది జైల్‌దారుకు అనుకూలుడు. 1943లో బెంగాలు కరువు వచ్చి కేంద్ర ప్రభుత్వం పంజాబు గోధుమలకోసం వత్తిడి తెచ్చింది. ధరలకు కట్టడి పెట్టరాదని ఛోటూరామ్ గట్టిగా పోరాడాడు. రైతు పక్షాన అది న్యాయంగా కనిపించవచ్చు, ఆకలితో చనిపోతున్న బెంగాలు వైపునుండి చూస్తే అట్లు కనిపించదు. చివరకు రాష్ట్రప్రభుత్వం లొంగక తప్పలేదు. ఇరవై ఏండ్లుగా తన పంటకు కాపలా కాసిన పార్టీయే ఇప్పుడు గాదె తలుపు తట్టడం రైతు చూశాడు. 1945 జనవరిలో ఛోటూరామ్ మరణించగా, తూర్పు జిల్లాలలో జాట్లను పార్టీకి కట్టి ఉంచే మనిషి లేకుండాపోయాడు. ఆ ఏడు సైన్యంనుండి తిరిగి వచ్చిన సిపాయిలకు ఓటు ఉన్నది, వారు ఆశించిన భూమి గాని ఉద్యోగం గాని చాలామందికి అందలేదు.

1945 జూలైలో సిమ్లా సమావేశం విఫలమయింది. వైస్రాయి మండలిలో ముస్లిం సభ్యులందరినీ లీగే పేర్కొనాలని జిన్నా పట్టుబట్టగా, లీగు వెలుపలి ముస్లిమైన ఒక యూనియనిస్టుకు చోటుండాలని వైస్రాయి వేవెల్ భావించాడు. ఆ ఒక్క స్థానం దగ్గరే మాట తెగింది. పంజాబు భూస్వాములకు ఇందులో కనిపించిన అర్థం వేరు. జిన్నా వద్దంటే వైస్రాయే ముందుకు వెళ్లలేడు. ఆంగ్లేయులు వెళ్లిపోవడం ఖాయం. తరువాత తమ జాగీర్లకూ కాలువ నీళ్లకూ పూచీ ఎవరు? ఆ మాసం మొదలుకొని యూనియనిస్టు శిబిరంనుండి వలసలు జోరందుకొన్నాయి. సర్ ఫిరోజ్ ఖాన్ నూన్ వైస్రాయి కార్యనిర్వాహక మండలికి రాజీనామా ఇచ్చి లీగు తరఫున నిలబడ్డాడు. ఈయన ఖిజర్‌కు దగ్గరి బంధువు.

1945-46 శీతాకాలంలో లీగు పల్లెలకు వెళ్లింది. పంజాబు ముస్లిం విద్యార్థి సమాఖ్య యువకులు, లాహోరు ఇస్లామియా కళాశాల విద్యార్థులు, అలీగఢ్‌నుండి వచ్చినవారు గ్రామాలు తిరిగారు. 1944లో పంజాబు లీగు ఒక ప్రణాళిక ప్రకటించింది. దానిని తయారుచేసినవాడు కమ్యూనిస్టు భావాలు గల దానియాల్ లతీఫీ. అందులో కౌలుదార్లకు, చిన్నరైతులకు హామీలున్నవి. పల్లెకు పోయిన విద్యార్థి మసీదులో నమాజు చేసి, ఆ ఊరివారి కష్టమేమిటో కనుక్కొని, ఆ కష్టానికి కారణం ఖిజర్ ప్రభుత్వమేనని చెప్పేవాడు. దీన్ మాటా, బట్ట మాటా ఒకే ఉపన్యాసంలో వచ్చేవి. వినేవారికి అవి రెండు వేర్వేరు మాటలుగా తోచలేదు.

అన్నిటికన్న బలమైన తోడ్పాటు పీర్లది. పశ్చిమ పంజాబులో దర్గా లేని పరగణా లేదు. సజ్జాదా నషీన్లలో చాలామంది స్వయంగా భూస్వాములు. సయ్యదులనూ ఖురేషీలనూ కూడా పలు జిల్లాలలో ప్రభుత్వం వ్యవసాయక తెగలలో చేర్చింది. వీరిలో అధికులు 1937లో యూనియనిస్టులకే దన్నుగా నిలిచారు. కాని పంజాబు చిష్తీ సిల్సిలాలో మరొక పాయ ఉన్నది. తౌన్సాలోని ఖ్వాజా సులైమాన్ (రహ్మ), ఆయన శిష్యులు సియాల్ షరీఫ్‌లోని ఖ్వాజా షమ్సుద్దీన్ (రహ్మ), వారినుండి గోల్రా, జలాల్‌పూర్ ఖాన్‌ఖాహ్‌లు. ఇవి పందొమ్మిదవ శతాబ్దంలో షరీఅత్ పాటింపునూ ధార్మిక విద్యనూ పునరుద్ధరించడానికి వెలసిన కేంద్రాలు. సర్కారు జాగీరుతో గాక, మురీదుల విశ్వాసంతో పెరిగినవి. ఈ ఖాన్‌ఖాహ్‌ల వారసులు 1946 నాటికి లీగు పక్షం వహించి, మురీదులకు ఆ మేరకు పిలుపునిచ్చారు. అలీపూర్ పీర్ జమాఅత్ అలీ షా కూడా లీగు వైపే. సియాల్ షరీఫ్ ఉన్నది ఖిజర్ స్వంత జిల్లాలోనే. అక్కడి పీరు ఎదురు నిలిస్తే తివానా జమీందారు ఆజ్ఞ ఎంతవరకు చెల్లుతుంది?

ఉలమా అందరూ ఒకే వైపున్నారనుకోవడం మాత్రం పొరపాటు. మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ నాయకత్వంలోని జమీఅతె ఉలమాయె హింద్ లీగును వ్యతిరేకించింది. అహ్రార్ నాయకుడు అతావుల్లా షా బుఖారీ పంజాబు గడ్డమీదనే దానిని ఖండిస్తూ ఉపన్యసించారు. లీగు పక్షాన మౌలానా షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ 1945లో జమీఅతె ఉలమాయె ఇస్లాం స్థాపనకు తోడయ్యారు. దేవబందులో ఒకే మదర్సా నీడన పెరిగిన ఇద్దరు మహావిద్వాంసులు రెండు దారులు పట్టారు. ఓటు ఎటు వేయాలన్న విషయంలో దీన్ తీర్పు ఒక్కటే ఉండెనని ఎవరైనా అంటే, ఈ వాస్తవం వారికి అడ్డు వస్తుంది.

లీగు అభ్యర్థుల, నాయకుల పేర్లు చూచినవారికి ఇంకొక సంగతి తడుతుంది. పంజాబు లీగు అధ్యక్షుడు మమ్దోట్ నవాబు ఇఫ్తిఖార్ హుసేన్. ఈయన తండ్రి నవాబ్ షానవాజ్ యూనియనిస్టుగా ఉండి లీగుకు మారినవాడు. ముఖ్య వ్యూహకర్త ముంతాజ్ దౌల్తానా. ఈయన తండ్రి అహ్మద్ యార్ దౌల్తానా 1937లో యూనియనిస్టు పార్టీకి పట్టుగొమ్మ. జనాన్ని ఉర్రూతలూగించిన షౌకత్ హయాత్ స్వయానా సర్ సికందర్ కుమారుడు. ఖిజర్ మంత్రివర్గంనుండి 1944లో తొలగింపబడినవాడు. 1937లో యూనియనిస్టుగా గెలిచిన బేగం షానవాజ్ 1946లో లీగు సభ్యురాలిగా గెలిచారు. యూనియనిస్టు పార్టీని ఓడించినది చాలావరకు యూనియనిస్టు కుటుంబాలే. పార్టీకి స్వంత కార్యకర్తలు లేనందున, పెద్దలు వెళ్లిపోయిన చోట నిలబడి వాదించడానికి ఊరిలో ఒక్కడూ మిగలలేదు. ఇరవై మూడేండ్లు పెద్దల ద్వారానే ఓటు అడిగిన పార్టీకి, ఓటరును నేరుగా ఎట్లడగాలో తెలియలేదు. ప్రభుత్వోద్యోగుల పలుకుబడి వాడుకొన్నారని యూనియనిస్టులపై ఆరోపణలు వచ్చాయి. 1946లో అది కూడా పనిచేయలేదు, ఉద్యోగి కూడా రేపటి యజమాని ఎవరో లెక్క చూసుకొంటున్నాడు.

ఫిబ్రవరి ఎన్నికలలో ముస్లిం ఓట్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా లీగుకు వచ్చాయి. ఖిజర్ స్వయంగా గెలిచాడు. కాంగ్రెసుకు 51 స్థానాలు. సభలో అతి పెద్ద పార్టీ లీగే అయినా దానికి ఆధిక్యత లేదు, ఇతరులెవ్వరూ కలియలేదు. మార్చిలో ఖిజర్ కాంగ్రెసుతో, అకాలీలతో కలిసి మంత్రివర్గం ఏర్పరచాడు. అంకెల ప్రకారం అది సక్రమమే. కాని ముస్లిములు సగానికి మించిన రాష్ట్రంలో, ముస్లిం ఓటర్లు తిరస్కరించిన పార్టీ నాయకుడు ప్రీమియర్‌గా కొనసాగడం ఎంతవరకు ఉచితం? ఖిజర్ దృష్టిలో అది మూడు మతాలవారూ కలిసి పాలించే పంజాబును నిలబెట్టే చివరి ప్రయత్నం. లీగు దృష్టిలో అది మోసం. ఇద్దరి మాటలోనూ ఆధారమున్నది. దురదృష్టమేమంటే, ఇద్దరూ కూర్చొని మాట్లాడుకొనే గది ఒక్కటి కూడా ఆ ఏడు లాహోరులో లేకపోయింది.

1947 జనవరి 24న ప్రభుత్వం ముస్లిం లీగు నేషనల్ గార్డులనూ రాష్ట్రీయ స్వయంసేవక సంఘాన్నీ నిషేధించింది. లీగు నాయకులు అరెస్టులకు సిద్ధపడి వీధులలోకి వచ్చారు. నెలకు పైగా ఆందోళన సాగింది. ఫిబ్రవరి 20న ఆంగ్ల ప్రధాని అట్లీ 1948 జూన్‌లోగా భారతదేశాన్ని వదలిపోతామని ప్రకటించాడు. మార్చి 2న ఖిజర్ రాజీనామా ఇచ్చాడు. మూడు రోజులకు పంజాబు గవర్నరు పాలనలోకి వచ్చింది, ఆ రోజులలోనే లాహోరు, అమృతసర్, ముల్తాన్ నగరాలలో కల్లోలం చెలరేగి రావల్పిండి జిల్లా పల్లెలకు పాకింది. ఆగస్టు మొదలుకొని కొన్ని నెలలలో తూర్పు పంజాబులో ముస్లిం ఊళ్లు, పశ్చిమ పంజాబులో హిందూ సిక్కు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లలో నూటికి ఎనభై తొంభైమందికి 1946లో ఓటే లేదు.

పశ్చిమ పంజాబు మొదటి ముఖ్యమంత్రి మమ్దోట్ నవాబు. 1951లో ముంతాజ్ దౌల్తానా ఆ పదవికి వచ్చాడు. 1957 డిసెంబరులో ఫిరోజ్ ఖాన్ నూన్ పాకిస్తాను ప్రధాని అయ్యాడు. ఛోటూరామ్‌కు 2018లో హర్యానాలోని సాంప్లాలో 64 అడుగుల విగ్రహం నెలకొల్పారు. ఖిజర్ హయాత్ మరల ఎన్నికలలో నిలబడలేదు. 1975లో, స్వదేశానికి దూరంగా, అమెరికాలో కన్నుమూశాడు.